కుండ కింద ఇసుక

ఒకటో కాగితం, సోమవారం

డాక్టరమ్మ గారికి నూకరత్నం నమస్కారాలు. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. తప్పులు కూడా ఉంటాయి, ఏమీ అనుకోకండి. ఐదో తరగతిలో ఉండగా పాత ఊరు నీళ్ళలోకి పోయింది, దాంతో పాటు బడీ పోయింది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకిప్పటికీ అనుమానమే. అర్థం కాని చోట పైకి చదువుకుంటే తెలుస్తుంది. కానీ చిలక ముందు మాత్రం పైకి చదవకండి.

పడవ ఎక్కుతూ మీరు నాతో అన్నారు కదా, "చిలకకి చెప్పిందంతా హెడ్డాఫీసుకి పోతుంది రత్నం, నాకొక్కదానికే చెప్పాలనుకున్నది కాగితం మీద రాసిపెట్టు" అని. అందుకే రాస్తున్నాను. తాబేళ్ళ కేంద్రం గోడకున్న ఆ పెట్టెకి చిలక అని పేరు పెట్టింది మా అత్తే. ఆకుపచ్చగా ఉంటుందని, అడిగినదానికీ అడగనిదానికీ మాట్లాడుతుందని.

ఇసుక గదిని చల్లబరిచే చల్ల యంత్రం ఇవాళ రెండుసార్లు దగ్గింది. మీరు కొత్త మోటారు తెచ్చేదాకా ఆగుతుందో లేదో. గదిలో తాబేలు గుడ్లు తొంభై రెండూ మీరు పాతిన చోటే ఉన్నాయి. ఇసుక వేడి ఇరవై ఎనిమిది అని చిలక చెప్పింది. పొద్దునా సాయంత్రమూ అది అడుగుతుంది, నేను జవాబు చెప్తాను. నా గొంతు దానికి ఆనదు. "వినబడలేదు, మళ్ళీ చెప్పండి" అంటుంది. కొత్తవాళ్ళ ముందు నాకు మాట రాదని మీకు తెలుసు. పెట్టె ముందు కూడా రావడం లేదు.

మిల్లు గొట్టానికి మళ్ళీ జెల్లీచేపలు పట్టేశాయి. సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీయడం సగం రోజు ఆగిపోయింది, కార్డుకి నాలుగు చెంబులే మంచినీళ్ళు ఇచ్చారు. మా ఆయన వాళ్ళ పడవ నడిసముద్రంలో జెల్లీలు తీస్తూనే ఉంది. తాబేళ్ళు పది పడవలు తీసేన్ని జెల్లీలు తింటాయని మీరు చెప్పింది మా అత్తకి చెప్పాను. "అయితే నీ మొగుడికి బదులు తాబేలుని చేసుకోవాల్సింది, ఇంటికైనా వచ్చేది" అంది.

రెండో కాగితం, బుధవారం

ఈ రోజు చల్ల యంత్రం ఆగింది. పాడైపోయి ఆగలేదు, కరెంటు తీసేశారు.

నిన్న అందరూ లోపలికి పొమ్మని ఎండ సైరన్ మోగాక కూడా వలల కొట్టు దగ్గర కూర్చున్న ముసలాయన ఒకరు కూర్చున్నట్టే పోయారు. వచ్చే వారాలన్నీ వడగాలులేనట. కమిటీ పెద్ద గురువులు గారు అందరినీ పిలిచి చెప్పారు. ఉన్న కరెంటు మిల్లుకీ, ముసలివాళ్ళు మధ్యాహ్నాలు పడుకునే చల్ల హాలుకీ తప్ప ఇంకెక్కడికీ ఇవ్వరు.

"డాక్టరమ్మ గారి గుడ్లు" అని నేను వెనక నుంచి అన్నాను. నా పక్కన నిలబడ్డ కోర్లమ్మ పిన్నికి తప్ప ఎవరికీ వినబడలేదు. ఆవిడ గట్టిగా అడిగింది, "ఏటి గురువులు బావా, గుడ్ల సంగతేటి?"

ఆయన తల దించుకున్నారు. "నాకు తెలీదా కోర్లమ్మా. మనుషుల్ని పక్కన పెట్టి గుడ్లకి ఇమ్మంటావా? నువ్వే చెప్పు."

మా అత్త మధ్యాహ్నం పడుకునేది ఆ హాల్లోనే.

ఇసుక గది రేకుల గది కదా, కిటికీ లేదు. యంత్రం ఆగితే పొయ్యి. తడి గోనెలు కప్పాను. సాయంత్రానికి చిలక ముప్పై అంది.

మీరు నేర్పిన లెక్క మరిచిపోలేదు. ఇసుక చల్లగా ఉంటే మగపిల్లలు, వేడిగా ఉంటే ఆడపిల్లలు, మరీ వేడెక్కితే ఏ పిల్లా ఉండదు. అది తేలేది ఇదిగో ఈ నడిమి వారాల్లోనే. ఇన్నేళ్ళుగా తీరమంతా కాలిపోయి ఆడవే పుట్టాయి. ఆడవి వచ్చి గుడ్లు పెడుతున్నాయి, అవి పిల్లలవడం లేదు, మగది లేక. ఈ ఏడు గట్టెక్కిన ఒక్క తల్లి గుడ్లలో ప్రాణం కనబడినప్పుడు, ఎక్కడో ఒక మగది ఇంకా బతికుందన్నమాట అని మీరు నా చేయి పట్టుకున్నారు. అది నాకు గుర్తుంది.

మూడో కాగితం, గురువారం

పొద్దున్న ముప్పై ఒకటిన్నర.

నీళ్ళు ముంచుకోవడానికి ఇంట్లో కుండ దగ్గర కూర్చున్నాను. చేయి అలవాటుగా కుండ కింద ఇసుకలోకి పోయింది. చిన్నప్పటి నుంచీ ఎండలో తిరిగొస్తే అందరమూ అదే చేస్తాం. కుండ చెమర్చి ఆ ఇసుక ఎప్పుడూ తడిగానే ఉంటుంది. చేయి చల్లబడింది. అప్పుడే గుడ్లు గుర్తొచ్చాయి.

కేంద్రం నుంచి మీ వేడి పుల్ల తెచ్చి గుచ్చాను. ఇరవై ఎనిమిది. గంట ఆగి మళ్ళీ చూశాను. అదే.

మా అత్తకి చెప్పాను. ఆవిడ ఎండు చేపలు విరుస్తోంది, విరవడం ఆపలేదు.

"గుడ్లా? మనింట్లోనా?"

"ఒక్క మన ఇంట్లోనే కాదత్తా. ఒక్కో ఇంటికి పదమూడు పెడితే ఏడిళ్ళు చాలు, ఒక ఇంట్లో ఒకటి ఎక్కువ."

"ఏడిళ్ళ కార్డులు లాగీసుకుంటారు. గుడ్డు దొరికిన ఇంటికి నీళ్ళ కార్డు ఉండదని నీకు తెలీదేటే? మా చెల్లి ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి దొరికింది. పిల్లాడు ఆడుకోడానికి తెచ్చాడు. ఏడాది పాటు మా ఇంటి నుంచి చెంబుతో మోసుకెళ్ళింది. తాగడానికి అందరికీ నీ కన్నీళ్ళిస్తావా?"

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ చూసింది.

"అవి కూడా సరిపోవు" అంది.

సాయంత్రం చిలక ముప్పై రెండు అంది. అన్నం పెడుతుంటే మా అత్త నా వైపు చూడకుండా అడిగింది. "ఎంత తడి ఉండాలి ఆ ఇసుక?"

"పిట్టుకి పిండి తడుపుతాం కదత్తా, అంత. పిడికిట్లో ముద్ద కావాలి, వేలితో తాకితే విడిపోవాలి."

"కోర్లమ్మకి పిట్టు రాదు. దాని కుండ దగ్గర నువ్వే కలుపు."

నాలుగో కాగితం, శుక్రవారం

మార్చేశాం.

ఎండ సైరన్ మోగాక మార్చాం. ఆ వేళ గట్టు మీద కుక్క కూడా ఉండదు. కరెంటు లేక చిలక పొద్దునా సాయంత్రమూ తప్ప నిద్రలోనే ఉంటోంది. ఇంటికొకరు చొప్పున ఏడుగురం నెత్తిన తడి గుడ్డలు చుట్టుకుని వెళ్ళాం. తిప్పకూడదు, కుదపకూడదు అని మీరు చెప్పిందే చెప్పాను. లోపల పిల్ల పెంకు పైభాగానికి అతుక్కుని ఉంటుంది, తలకిందులైతే పోతుంది అన్నాను. పై వైపు ఏదో గుర్తుండాలి కదా. మీ పెన్సిలు తడి పెంకు మీద పడలేదు. కోర్లమ్మ పిన్ని తన కుంకుమ భరిణె తీసింది. ప్రతి గుడ్డుకీ ఇసుకలో ఉండగానే పైన బొట్టు పెట్టాం. బొట్టు ఆకాశం వైపు చూడాలి అని చెప్పాను. అది అందరికీ అర్థమైంది.

తట్టల్లో తడి ఇసుక పోసి, గుడ్లు పేర్చి, నెత్తిన పెట్టుకుని నడిచాం. చేపల తట్టలు మోసిన మెడలు కదా, ఒక్కటీ కదల్లేదు. కాళ్ళు మాత్రం చెప్పుల్లోంచి కాలాయి.

గది ఇసుక మళ్ళీ చదును చేసి, మీ చీటీ కర్ర గుచ్చి వచ్చాను. సాయంత్రం చిలక అడిగింది.

"గూటిలో గుడ్లు తొంభై రెండు ఉన్నాయా?"

"ఉన్నాయి."

"వినబడలేదు. మళ్ళీ చెప్పండి."

"ఉన్నాయి."

"వినబడలేదు. గట్టిగా చెప్పండి."

నాలుగోసారికి వినబడింది. అబద్ధం ఒకసారి చెప్పడమే కష్టం, నాచేత నాలుగుసార్లు చెప్పించింది.

ఐదో కాగితం, మంగళవారం

తనిఖీ అధికారి వచ్చారు. ఇసుక ముప్పై ఐదు దాటిందని చిలక హెడ్డాఫీసుకి చెప్పిందట. దాంతో పాటు పైన తిరిగే కాపలా గాలిపటం, డ్రోన్ అంటారే, అది తీసిన ఫొటో ఒకటి ఆయన దగ్గరుంది. మిట్టమధ్యాహ్నం ఏడుగురు ఆడవాళ్ళు, నెత్తిన తట్టలు. మొహాలు గుడ్డల్లో ఉన్నాయి, అదృష్టం.

"గూడు తవ్వి చూసే అధికారం డాక్టరుగారికే ఉంది" అన్నారు నాతో. "ఇళ్ళు చూసే అధికారం నాకుంది. మీ ఇంటితో మొదలుపెడదామమ్మా."

నేను ముందు నడిచాను. దారిలో కోర్లమ్మ పిన్ని గుమ్మంలోంచి చూసింది. ఆవిడ ఇటు రాకుండా పెరటి వైపు పరిగెత్తడం కనబడింది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఆయన పెట్టె చూశారు, మంచం కింద చూశారు, వలల మూట విప్పారు. చెమట తుడుచుకుని, కుండ దగ్గర చతికిలబడ్డారు. "కాసిని మంచినీళ్ళుంటే ఇప్పించండి" అంటూ చేయి ఇసుక వైపు చాపారు. ఆయనా ఈ తీరం మనిషే కదా.

"ఆగు బాబూ" అంది మా అత్త.

అప్పుడు చూశాను. కుండకి పసుపు పూసి ఉంది. మెడకి వేపరెమ్మలు కట్టి ఉన్నాయి. పొద్దున్న నేను కేంద్రానికి వెళ్ళినప్పుడు అవి లేవు.

"అది అమ్మ ఘటం. ఊరి మీదకి ఇంత వేడి వచ్చిందని మొక్కుకుని కూకోబెట్టాను. ముట్టుకుంటే నాకేటి పోయింది, నీకు పిల్లలున్నారో లేదో."

ఆయన చేయి వెనక్కి తీసేసుకున్నారు. లేచి చెప్పులు విప్పి, దండం పెట్టుకున్నారు. మా అత్త వేరే చెంబులో నీళ్ళిచ్చింది. తాగుతున్నంతసేపూ ఆయన ఆ కుండనే చూశారు. నేను గోడ చూశాను.

పెరటి దారిన వచ్చి మా అత్త చేసింది చూసి, ఆయన మా ఇల్లు దాటేసరికి కోర్లమ్మ పిన్ని మిగతా ఇళ్ళ కుండలకీ పసుపు పూసి వేపరెమ్మలు కట్టేసింది. కమిటీ ఆఫీసు ముందున్న వేపచెట్టుకి కింది కొమ్మలు లేవు. మూడో ఇంట్లో కూడా ఘటం కనబడేసరికి ఆయన కాసేపు అలాగే నిలబడ్డారట. "ఈ గట్టు మీద భక్తి ఎక్కువే" అన్నారట. నాలుగో ఇంటికి వెళ్ళకుండా పడవెక్కేశారు. ఆయనకి తెలిసిందో, భయపడ్డారో నాకు తెలియదు. తెలిసి వెళ్ళిపోయారని ఎవరితోనూ అనకండి.

ఆయన పడవ కనుమరుగయ్యాక మా అత్త గోడకి ఆనుకుని జారి కూర్చుంది.

"అమ్మ పేరు మీద అబద్ధం ఆడించావు కదే నాచేత."

"నేను చెప్పమనలేదత్తా."

"నువ్వేం చెప్పమంటావు, నీకు నోరుంటే కదా." కుండకి దండం పెట్టుకుంది. తర్వాత, "కూకోబెట్టానని అన్నాను. అనేశాక కూకోబెట్టినట్టే. ఇంక అబద్ధం కాదు" అంది.

నాకు నవ్వొచ్చింది, తేలికపడ్డాను. ఆ మాట అక్కడితో ఆగుతుందనుకున్నాను.

ఆరో కాగితం, శుక్రవారం

ఎలా రాయాలో తెలియడం లేదు.

నీళ్ళ వరసలో నిలబడి ఇంటికొచ్చేసరికి మా అత్త తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంది. కుండ కొత్తగా మెరుస్తోంది. కుదురు చుట్టూ ఇసుక కొత్తగా ఉంది.

"శుక్రవారం కదా" అంది. "ఘటాన్ని కడిగాను. కిందున్నవాళ్ళని మాత్రం వదిలేస్తామేటి? అన్నిటినీ తీసి, పసుపునీళ్ళతో స్నానం చేయించి, కొత్త బొట్లు పెట్టి పడుకోబెట్టాను. నా వాటా నీళ్ళతోనే చేశాను, నీ వాటా ముట్టలేదు."

ఆవిడ పొద్దుటి నుంచీ ఏమీ తాగలేదు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

నేను ఇసుక తోడి చూశాను. పదమూడు బొట్లూ చక్కగా ఆకాశం వైపే చూస్తున్నాయి. పాత బొట్లు కడిగేశాక, గుడ్డు చేతిలో ఎటు తిరిగుందో అటే కొత్తది పెట్టింది. ఏది పైనో ఏది కిందో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

తిప్పకూడదని ఆ రోజు చెప్పింది నిజమే. కానీ ఆవిడ మాతో తట్ట మొయ్యలేదు, హాల్లో ఉంది. ఇంటికొచ్చి నేను తడి సంగతి చెప్పాను, బొట్టు ఎందుకో చెప్పలేదు. బొట్టు చూస్తే మా అత్తకి ఏమనిపిస్తుందో అదే అనిపించింది.

"ఏటే అలా చూస్తావు? బొట్టు చెరిగిందా?"

"లేదత్తా. బాగుంది" అన్నాను.

ఏడో కాగితం, కొన్ని వారాలయ్యాక

రాయడానికి ఏమీ లేక కాదు, చేయి రాక రాయలేదు.

కరెంటు రాలేదు, మీరు రాలేదు. జెల్లీలు రేవుకి అడ్డంపడి పడవలు తిరగడం లేదని చిలక రోజూ చెప్తోంది. ఏడిళ్ళకీ రోజూ వెళ్ళి పుల్ల గుచ్చుతున్నాను. కోర్లమ్మ పిన్ని ఇసుక రెండుసార్లు బురదైంది, మార్చాను. చివర నీలం తలుపు వాళ్ళ ఇల్లు పడమటి ఎండకి కాలుతుంది, అక్కడ ముప్పై కూడా చూశాను. మిగతా చోట్ల ఇరవై తొమ్మిది దాటలేదు. మీ లెక్కకి ఇది కావాలి, అందుకే రాస్తున్నాను.

ప్రతి ఇంట్లోనూ తమ చెంబుల్లోంచి తీసి చల్లారు. ఒకరోజు రెండు చెంబులే వచ్చాయి. అప్పుడూ చల్లారు.

మా ఇంటివి ఒకటొకటే సొట్టపడ్డాయి. నిన్న ఒకటి వాసన వేసింది. మా అత్తకి ఈమధ్య ముక్కు పనిచేయడం లేదు. ఆవిడ రోజూ కుండ పక్కనే చెవి పెట్టి పడుకుంటోంది. "మన ఇంటివే ముందు పొడుస్తాయి చూడు. స్నానం చేసింది ఇవొక్కటే" అని ఎదురింటికి వినబడేలా అంటుంది.

ఎనిమిదో కాగితం, ఆదివారం

కోర్లమ్మ పిన్ని ఇంట్లో నిన్న సాయంత్రం ఇసుక ఉడికినట్టు కదిలింది. ఒకటి, తర్వాత పిడికెడు, తర్వాత ఆపలేనన్ని. ఆవిడ మా గుమ్మంలోకొచ్చి మాట్లాడలేక చేయి ఊపింది. ఆవిడకి మాట రాకపోవడం నేను మొదటిసారి చూశాను.

వాటిని తడి గుడ్డ కప్పిన తట్టలో ఉంచాం. ఈ రోజు మధ్యాహ్నం మా అత్త హాలుకి వెళ్ళాక, మా ఇంటివి పోయాయని పిన్నికి ఒక్క మాట చెప్పాను. ఎలాగని ఆవిడ అడగలేదు. మా కుండ కింద ఉన్న పదమూడింటినీ నేను తీశాను. పిన్ని తన తట్టలోని పన్నెండు పిల్లల్నీ మా ఇసుకలో పెట్టి పైన పలచగా కప్పింది.

"నీకు అబద్ధం బాగా అలవాటైపోయిందే పిల్లా" అంది.

"ఇది నోటితో చెప్పక్కర్లేదు కదా పిన్నీ" అన్నాను.

మా అత్త హాలు నుంచి వచ్చి ఎప్పట్లాగే చెవి పెట్టింది. తర్వాత నా పేరు పిలిచింది. పెళ్ళయ్యాక ఆ గొంతుతో నన్నెప్పుడూ పిలవలేదు.

తొమ్మిదో కాగితం, మంగళవారం

నిన్నా ఇవాళా తెల్లవారుజామున అన్నీ వదిలేశాం. ఆరిళ్ళవి డెబ్బైకి పైన బతికాయి. అరచేతిలో పెట్టుకుంటే చిన్న చేతులతో గట్టిగా తోస్తాయి, ఎటు వెళ్ళాలో మనకంటే వాటికే తొందర. మా అత్త తన తట్ట ఎవరికీ ఇవ్వలేదు. మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి ఒక్కోదాన్నీ వదిలింది.

"ఇందులో మగవి ఎన్ని?"

"చూస్తే తెలీదత్తా. డాక్టరమ్మ గారికైనా తెలీదు. ఆడవైతే పెద్దయ్యాక గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. మగవి ఒకసారి నీళ్ళలోకి దిగితే మళ్ళీ నేల ఎక్కవు."

"అంటే మనవి తిరిగి రాకపోతే మంచిదా?"

"రాకపోతేనే."

ఆవిడ సముద్రం వైపు చూస్తూ నిలబడింది. మా ఆయన పడవ వచ్చేది ఆ వైపు నుంచే. "ఒకడు రావాలని చూడాలి, వీళ్ళు రాకూడదని చూడాలి. ఒకే గుమ్మంలో కూకుని రెండూ ఎలా చూస్తామే?" అంది. తర్వాత ఖాళీ తట్ట నీళ్ళలో కడిగింది.

మీ పడవ రేపొస్తుందని చిలక చెప్పింది. అందుకే ఈ కాగితాలు రేవులోనే మీ చేతికిస్తాను. మీరు గూడు తవ్వుతారు, తవ్వితే పెంకులు కనబడతాయి. ఏడిళ్ళవీ తెచ్చి నేనే అక్కడ పాతాను, లెక్క తొంభై రెండుకి సరిపోతుంది. పెంకుల మీద కుంకుమ చూసి, ఇదేంటి రత్నం అని పైకి అనకండి. గోడ మీద అది వింటుంది. ఏడిళ్ళ కార్డులు పోతాయి.

అడుగున పిల్లలు కానివి కొన్ని ఉంటాయి. వాటిలో పదమూడింటి మీద కుంకుమ మిగతావాటి కంటే ఎర్రగా, కొత్తగా ఉంటుంది. అవి ఎలా పోయాయో ఇప్పుడు మీకు తెలుసు, నాకు తెలుసు. కోర్లమ్మ పిన్నికి సగం తెలుసు. మా అత్త తన పన్నెండూ సముద్రంలో ఉన్నాయనుకుంటోంది. పదమూడోది ఎక్కడని అడిగితే, అందరికంటే ముందే వెళ్ళిపోయింది అన్నాను. అది గర్వంగా అందరికీ చెప్పుకుంటోంది.

ఆవిడకి చదవడం రాదు. కానీ ఎవరైనా చదివితే వింటుంది. అందుకని డాక్టరమ్మ గారూ, ఇసుక ఎక్కడ ఎంత వేడిగా ఉందో ఆ సంగతి మీ మనసులో పెట్టుకుని, ఈ కాగితాలు మీ పొయ్యిలో వేసేయండి. సగం కాలినవి బయట పారేయకండి. బూడిదయ్యేదాకా పక్కనే కూర్చోండి.